పరాయి దేశంలో పెద్దల చదువు: ఎవరికి ఏ తరగతి నప్పుతుంది?

నెల్లూరు, కావలి, కందుకూరు, ఒంగోలు ప్రాంతాల నుంచి ఒక కుటుంబం విదేశానికి ప్రయాణమైనప్పుడు, ఉద్యోగం మీద వెళ్లే మనిషికి అక్కడ ఆఫీసు సిద్ధంగా ఉంటుంది, పిల్లలకు బడి సిద్ధంగా ఉంటుంది. డిపెండెంట్ వీసా మీద వెంట వెళ్లే భార్యకు గానీ, కొన్నాళ్లకు కొడుకు దగ్గరకో కూతురి దగ్గరకో చేరే తల్లిదండ్రులకు గానీ అలా ముందే ఏర్పాటై ఉన్న చోటు ఏదీ ఉండదు. పొద్దున ఎనిమిదిన్నరకు ఇల్లు ఖాళీ అయిన తరువాత వారు తమంతట తాము వెళ్లి కూర్చోగలిగే చోటు, తమను పేరుపెట్టి పలకరించే చోటు చాలా ఊళ్లలో పెద్దల కోసం నడిచే తరగతి ఒక్కటే. అది భాష నేర్పే తరగతి కావచ్చు, పౌరసత్వ పరీక్షకు సిద్ధం చేసేది కావచ్చు, గ్రంథాలయంలో వారానికొకసారి బల్ల చుట్టూ కూర్చుని మాట్లాడుకునే బృందం కావచ్చు. ఇవన్నీ ఒకటి కావు. కొన్నింటికి వీసా అడ్డు వస్తుంది, కొన్నింటికి డబ్బు అవుతుంది, కొన్ని చేతికి సర్టిఫికెట్ ఇస్తాయి గానీ ఊరిని పరిచయం చేయవు. ఏది ఎవరికి నప్పుతుందో ప్రయాణానికి ముందే ఆలోచించుకుంటే మొదటి సంవత్సరం నాలుగు గోడల మధ్య గడిచిపోకుండా ఉంటుంది.

ఎంపికలో నేను అన్నింటికన్నా ముందు చూసేది భాషా స్థాయి కాదు. ఆ తరగతిలో ఈ మనిషి తనకు కావలసినది నోరు తెరిచి అడగగలదా, తన దగ్గర ఉన్నది నలుగురికీ ఇవ్వగలదా అని చూస్తాను. మందుల షాపులో తన పని తాను చేసుకురావడం, పిల్లల బడి సమావేశంలో లేచి ఒక ప్రశ్న అడగడం, పక్క వీధిలో కొత్తగా దిగిన కుటుంబానికి బస్సు ఎక్కడ ఆగుతుందో చెప్పడం, ఇలాంటి పనులు జరిగినప్పుడే ‘ఇది నా ఊరు’ అన్న భావం కలుగుతుంది. వ్యాకరణం దానికి సాయపడుతుంది గానీ దాని స్థానంలో నిలబడలేదు.

ఇందుకు సాక్ష్యం కోసం మన జిల్లా దాటి వెళ్లనక్కరలేదు. 1990ల మొదట్లో నెల్లూరు జిల్లాలో సంపూర్ణ అక్షరాస్యతా ఉద్యమం సాగినప్పుడు, పగలంతా పొలం పనులు చేసి వచ్చిన ఆడవాళ్లు రాత్రిపూట కేంద్రాలలో పలకలు పట్టుకుని కూర్చున్నారు. వాళ్లకిచ్చిన వాచకాలలో సారా మూలంగా చితికిపోయిన సంసారం కథ కూడా ఉంది. దూబగుంట ఆడవాళ్లు ఆ పాఠం చదివి ఊరుకోలేదు, తమ ఊళ్లో సారా అమ్మకాన్ని ఆపించారు. 1992లో అది జిల్లా అంతటా పాకి, 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రంలో సారా నిషేధం అమలయ్యే దాకా వెళ్లింది. అంతవరకు సొంత ఊళ్లోనే నలుగురి ముందు మాట్లాడని మనుషులకు, రాత్రిబడిలో పక్కపక్కన కూర్చున్న తరువాత ఊరి మీద హక్కు వచ్చింది. విదేశంలోని తరగతిని కూడా నేను ఆ కొలతతోనే చూస్తాను.

ముందు వీసా, తరువాతే తరగతి

తరగతి ఎంత మంచిదైనా వీసా ఒప్పుకోకపోతే ప్రయోజనం లేదు కాబట్టి ఎంపిక అక్కడి నుంచే మొదలుపెట్టాలి. అమెరికాకు విజిటర్ వీసా మీద కొన్ని నెలల కోసం వెళ్లే తల్లిదండ్రులు అక్కడ కాలేజీలోనో అడల్ట్ స్కూలులోనో కోర్సులో చేరకూడదు. అది వీసా షరతును మీరడం అవుతుంది, తరువాతి ప్రయాణాలకు చిక్కు తెస్తుంది. గ్రంథాలయంలో జరిగే సంభాషణ బృందంలో కూర్చోవడానికి అలాంటి ఇబ్బంది లేదు. ఉద్యోగి వెంట వెళ్లే భార్యకో భర్తకో ఇచ్చే హెచ్-4 వీసా మీద ఉన్నవారికి ఉద్యోగ అనుమతి లేకపోయినా చదువుకోవడానికి అడ్డు లేదు. ఈ సంగతి తెలియక ‘పర్మిట్ వచ్చేదాకా చేసేదేమీ లేదు’ అని ఏళ్లు గడిపేసినవారు ఉన్నారు. ఎఫ్-1 విద్యార్థి వీసా ఉన్నవారిని మాత్రం ప్రభుత్వ నిధులతో నడిచే అడల్ట్ స్కూళ్లలో చేరడానికి అక్కడి చట్టం ఒప్పుకోదు.

కెనడాలో కేంద్ర ప్రభుత్వం 1992 నుంచి నడుపుతున్న లింక్ అనే భాషా కార్యక్రమం శాశ్వత నివాసులకు, ఆశ్రయం పొందినవారికి ఉచితం. పౌరసత్వం తీసుకున్న తరువాత దానిలో చోటు ఉండదు. అంటే శాశ్వత నివాస హోదా (పి.ఆర్.) చేతికి వచ్చిన రోజుకూ పౌరసత్వ ప్రమాణం చేసే రోజుకూ మధ్య ఉన్న కాలంలోనే దాన్ని వాడుకోవాలి. పిల్లలు కాస్త పెద్దవాళ్లయ్యాక చేరదాం అని వాయిదా వేసేవారు ఈ గడువును గుర్తుపెట్టుకోవాలి, ఎందుకంటే కొన్ని కేంద్రాలలో తరగతి జరిగేటప్పుడు చిన్నపిల్లలను చూసుకునే ఏర్పాటు కూడా ఉంటుంది. విజిటర్‌గా వెళ్లిన తల్లిదండ్రులు కెనడాలో ఆరు నెలలకు మించని కోర్సులో స్టడీ పర్మిట్ లేకుండా చేరవచ్చు గానీ, దానికి సొంత డబ్బు పెట్టుకోవాలి.

ఆస్ట్రేలియా ఈ విషయంలో అందరికన్నా ముందు మేలుకున్న దేశాలలో ఒకటి. వలస వచ్చిన పెద్దలకు ఇంగ్లిష్ నేర్పే కార్యక్రమాన్ని అక్కడి ప్రభుత్వం 1948లోనే మొదలుపెట్టింది. చాలాకాలం మనిషికి 510 గంటలు అనే పరిమితి ఉండేది, 2021లో దాన్ని తీసివేశారు. ఇప్పుడు అర్హత ఉన్నవారు పని చేసుకోగలిగే స్థాయి ఇంగ్లిష్ వచ్చేదాకా ఉచితంగా చదువుకోవచ్చు. బడి వయసు రాని పిల్లల సంరక్షణ కూడా ఆ తరగతి వేళల్లో ఉచితం. వీసా మొదలైన తొలి నెలల్లోనే పేరు నమోదు చేసుకోవాలన్న నిబంధన ఒకటి ఉంది, దిగిన వెంటనే చూసుకోవలసినది అదే. శాశ్వత వీసా మీద వెళ్లేవారికి, భాగస్వామి వీసా మీద వెళ్లే చాలామందికి ఇందులో అర్హత ఉంటుంది. భర్త తాత్కాలిక ఉద్యోగ వీసా మీద వెళ్తే భార్యకు ఈ తరగతి దొరుకుతుందని ముందే అనుకోకూడదు.

జర్మనీలో 2005 నుంచి ఇంటిగ్రేషన్ కోర్సు ఉంది. భాషకు 600 పాఠాలు, దేశ చరిత్ర, చట్టం, సమాజం గురించి 100 పాఠాలు కలిపి మొత్తం 700, ఒక్కొక్క పాఠం 45 నిమిషాలు. చివర బి1 స్థాయి (రోజువారీ పనులకు సరిపోయే మధ్యస్థ స్థాయి) భాషా పరీక్ష, 33 ప్రశ్నల సామాజిక పరీక్ష ఉంటాయి. ఆ సామాజిక పరీక్షలో 17 ప్రశ్నలకు సరైన జవాబు రాస్తే అది తరువాత పౌరసత్వ దరఖాస్తుకూ పనికి వస్తుంది. ఉన్నత చదువున్న ఉద్యోగులకిచ్చే బ్లూ కార్డు మీద వెళ్లే ఇంజినీరు భార్యకు వీసా కోసం జర్మన్ భాషా సర్టిఫికెట్ అవసరం లేదు. మరికొన్ని సందర్భాలలో భార్యకు గానీ భర్తకు గానీ ముందే ఎ1 స్థాయి, అంటే తొలి మెట్టు జర్మన్, కావాలి. సర్టిఫికెట్ అడగలేదు కదా అని ఒక్క ముక్క రాకుండా విమానమెక్కడం మంచిది కాదు. కోర్సులో చేరే అనుమతి, ఫీజులో రాయితీ మనిషి హోదాను బట్టి మారుతాయి కాబట్టి ఆ ఏడాది నియమాన్ని స్థానిక విదేశీయుల కార్యాలయంలో అడిగి తెలుసుకోవాలి.

ప్రభుత్వ కోర్సు, కాలేజీ, గ్రంథాలయం, ఇంట్లో ఫోను

ప్రభుత్వ కోర్సుకు ఒక వరుస ఉంటుంది, వేళ ఉంటుంది, చివర పరీక్ష ఉంటుంది. ఏమీ రాని స్థితి నుంచి మొదలుపెట్టేవారికి ఇంతకన్నా గట్టి దారి లేదు. కెనడాలో లింక్ నాలుగో స్థాయి పూర్తిచేసిన సర్టిఫికెట్ పౌరసత్వ దరఖాస్తులో భాషా రుజువుగా చెల్లుతుంది. 18 నుంచి 54 ఏళ్ల వరకు వయసున్న దరఖాస్తుదారులు అక్కడ భాషా రుజువు చూపవలసిందే కనుక ఇది చిన్న లాభం కాదు. అయితే ఈ కోర్సులలో ఒక లోటు ఉంది, దాని గురించి ఎవరూ ముందుగా చెప్పరు. ఆ గదిలో టీచరు తప్ప ఆ దేశంలో పుట్టిపెరిగిన మనిషి ఒక్కరూ ఉండరు. చుట్టూ కూర్చున్నవారందరూ మనలాగే నిన్నమొన్న దిగినవారు. వారి స్నేహం విలువైనదే, చాలామందికి మొదటి స్నేహితులు అక్కడే దొరుకుతారు. కానీ ఊరివారితో మాట కలపడం అనే అసలు పని మాత్రం తరగతి బయటే మిగిలిపోతుంది. ఏడాది పాటు కోర్సుకు వెళ్లి మంచి మార్కులు తెచ్చుకుని, పక్కింటివారి పేరు తెలియనివారు ఉండడానికి కారణం ఇదే.

అమెరికాలో దేశమంతటికీ వర్తించే ఒకే కోర్సు లేదు. కేంద్ర నిధులు 2014 నాటి చట్టం కింద రాష్ట్రాలకు వెళ్తాయి, రాష్ట్రాలు వాటిని స్కూలు డిస్ట్రిక్టులకు (ఒక ప్రాంతంలోని బడులను నడిపే స్థానిక సంస్థలకు), కాలేజీలకు, స్వచ్ఛంద సంస్థలకు పంచుతాయి. అందువల్ల ఊరు మారితే పద్ధతి మారుతుంది. కాలిఫోర్నియాలో స్కూలు డిస్ట్రిక్టులు నడిపే అడల్ట్ స్కూళ్లలో ఇంగ్లిష్ తరగతులు ఉచితం, అక్కడి కమ్యూనిటీ కాలేజీలలో (ప్రభుత్వ స్థానిక కాలేజీలలో) క్రెడిట్ లేని, అంటే డిగ్రీ లెక్కలోకి రాని, తరగతులూ ఉచితమే. మరో రాష్ట్రంలో అదే తరగతికి ఫీజు ఉండవచ్చు, వెయిటింగ్ లిస్టు ఉండవచ్చు. చేరేటప్పుడు స్థాయి తెలుసుకోవడానికి చిన్న పరీక్ష పెడతారు. ఆగస్టు చివర, జనవరిలో కొత్త తరగతులు మొదలవుతాయి. అక్టోబరులో దిగితే మూడు నెలలు ఖాళీగా ఉండవలసి రావచ్చు కాబట్టి, ఆ మధ్యకాలానికి గ్రంథాలయాన్ని చూసుకోవాలి.

గ్రంథాలయం గురించి కొంచెం ఎక్కువ చెప్పాలని ఉంది, ఎందుకంటే మన వాళ్లు దాన్ని తక్కువగా చూస్తారు. పరీక్ష లేదు, సర్టిఫికెట్ లేదు, ఫీజు లేదు, పైగా పాఠం చెప్పేవారు స్వచ్ఛందంగా వచ్చే రిటైరైన పెద్దలు. ‘అది చదువెలా అవుతుంది’ అని అడుగుతారు. కనిగిరి దగ్గర పల్లె నుంచి టెక్సాస్‌కు వెళ్లిన మా బంధువుల అమ్మాయి చెప్పిన సంగతి ఒకటి ఇక్కడ రాస్తాను. ఆమె డిగ్రీ చదివింది, ఇంగ్లిష్ చదవడం వచ్చు, మాట్లాడాలంటే గొంతు పెగలదు. గ్రంథాలయంలో వెనుక గదిలో గుండ్రని బల్ల, చుట్టూ ఒక కొరియా ఆమె, ఒక మెక్సికో ముసలమ్మ, ఇద్దరు ముగ్గురు ఇతరులు. నడిపే పెద్దాయన ప్రతివారం ఒకటే అడుగుతారు: ఈ వారం ఇంటికి వచ్చిన కాగితాలలో అర్థం కానిది తీసుకురండి అని. ఆమె తన కూతురి బడి నుంచి వచ్చిన ఫారం తీసింది. మొదటి పేరు ఒక గడిలో, ఇంటిపేరు వేరొక గడిలో రాయాలి, పాస్‌పోర్టులో ఇంటిపేరు ముందుండడంతో బడి రికార్డులో కూతురి పేరు తారుమారై ఉంది. టీచరు పాపను ఇంటిపేరుతో పిలుస్తోంది, పాప పలకడం లేదు. బల్ల దగ్గర అందరూ కలిసి ఆఫీసులో ఏమని అడగాలో నాలుగు వాక్యాలు తయారుచేశారు. ఆమె వాటిని ఇంటికి వెళ్లేదాకా మనసులో అనుకుంటూ వెళ్లి, మరునాడు బడికి ఒంటరిగా పోయి పేరు సరిచేయించి వచ్చింది. తరువాత కొన్నాళ్లకు బర్మా నుంచి వచ్చిన ఒక తల్లి అదే బల్ల దగ్గర ఫారం తీసినప్పుడు, ఏ గడిలో ఏది రాయాలో ఈమే చెప్పింది.

అడగడం, ఇవ్వడం రెండూ ఆ బల్ల దగ్గర జరిగాయి. జర్మనీలోలాంటి 700 పాఠాల కోర్సు చేసే పని వేరు, ఈ బల్ల చేసే పని వేరు. అయితే గ్రంథాలయ బృందానికి పరిమితులూ ఉన్నాయి. అక్షరాల నుంచి మొదలుపెట్టేవారికి అది సరిపోదు, మాటలు చుట్టూ పరుగెడుతుంటే వారు మౌనంగా కూర్చుని ఇంటికి వస్తారు. నడిపేవారు మారితే బృందం తీరు మారిపోతుంది. వారానికి ఒకటిన్నర గంటతో ఉద్యోగానికి కావలసిన భాష రాదు. మొదటి ఏడాదికి ఒక వరుస ఉన్న తరగతి, దానికి తోడు ఈ బల్ల, రెండూ కలిపి పెట్టుకోవడమే నా సలహా. రెండింటిలో ఒకటే వీలైతే, ఇంగ్లిష్ కొంత వచ్చినవారు బల్లనూ అసలు రానివారు తరగతినీ ఎంచుకోవాలి.

డిగ్రీ ఉన్న భార్యలకు నేను మరొక అడుగు ముందుకు వేయమని చెబుతాను. ఇంగ్లిష్ తరగతులలోనే రెండేళ్లు, మూడేళ్లు తిరగడం కన్నా, స్థాయి కాస్త కుదిరిన వెంటనే కమ్యూనిటీ కాలేజీలో ఏదైనా ఒక విషయం తీసుకోవడం మేలు. అకౌంటింగ్ కావచ్చు, చిన్నపిల్లల విద్య కావచ్చు, మెడికల్ బిల్లింగ్ కావచ్చు. అక్కడ పక్కన కూర్చునేవారు ఆ ఊరివారు. వారికి ఈమె వలస వచ్చిన మనిషిగా కాక, హోంవర్కు గురించి ఫోన్ చేయదగిన తోటి విద్యార్థిగా కనిపిస్తుంది. ఆ తేడా చాలా పెద్దది. ఫీజు మాత్రం చూసుకోవాలి. రాష్ట్రంలో నివాసిగా లెక్కకు వచ్చినవారికి, రానివారికి మధ్య ఫీజు ఎన్నో రెట్లు తేడా ఉంటుంది. నివాసిగా లెక్కించడానికి సాధారణంగా ఏడాది కాలం అడుగుతారు, హెచ్-4 వారి విషయంలో రాష్ట్రానికొక పద్ధతి ఉంది. అందుకని మొదటి ఏడాది భాషకు, రెండో ఏడాది విషయానికి అని పెట్టుకుంటే డబ్బూ కలిసివస్తుంది.

ఇంట్లో ఫోనులో నేర్చుకునే క్లాసుల గురించి ఎక్కువ చెప్పనక్కరలేదు. నెల్లూరులోనో హైదరాబాదులోనో ఉన్న టీచరు తెలుగులో వివరిస్తూ చెప్పే పాఠం బిడియస్తులకు ధైర్యమిస్తుంది, చంటిపిల్లలున్న తల్లికి వేళ కుదురుతుంది. ప్రయాణానికి ముందు నెలల్లో అది చక్కగా పనికివస్తుంది. వెళ్లిన తరువాత కూడా అదే కొనసాగిస్తే మనిషి ఆ దేశంలో, చదువు ఈ దేశంలో ఉండిపోతాయి. చలికాలంలో గడప దాటే కారణం ఒకటైనా ఉండాలి.

తెలుగు సంఘాలను కూడా ఇక్కడే తూకం వేయాలి. మొదటి నెలల్లో పప్పు ఎక్కడ దొరుకుతుంది, డాక్టరును ఎలా పట్టుకోవాలి అని చెప్పేది మనవాళ్లే, ఆ ఆసరాను తీసిపారేయకూడదు. కానీ ఉగాదికి, సంక్రాంతికి కలుసుకోవడం ఊరి పరిచయానికి ప్రత్యామ్నాయం కాదు. వారంలో ఒకరోజు మనవాళ్లతో, మరొక రోజు ఊరివాళ్లతో అన్నట్లుగా రెండు కాళ్ల మీద నిలబడితేనే స్థిరంగా ఉంటుంది.

తల్లిదండ్రుల విషయం వేరు

అరవై దాటి గ్రీన్ కార్డు మీద అమెరికా వెళ్లే తల్లిదండ్రుల గురించి మన ఊళ్లలో ఒక అపోహ బలంగా ఉంది: పెద్దవాళ్లకు పౌరసత్వ పరీక్షలో ఇంగ్లిష్ మినహాయింపు ఉంటుందని. వయసు ఒక్కటే చాలదు. 50 ఏళ్లు దాటి గ్రీన్ కార్డు మీద 20 ఏళ్లు నివసించినవారికి, 55 దాటి 15 ఏళ్లు నివసించినవారికి మాత్రమే ఇంగ్లిష్ నుంచి మినహాయింపు, వారు కూడా పౌరశాస్త్ర పరీక్షలో (దేశ చరిత్ర, ప్రభుత్వం గురించిన ప్రశ్నలకు) తమ భాషలో, దుభాషి సాయంతో, నోటితో జవాబులు చెప్పవలసిందే. 62వ ఏట గ్రీన్ కార్డు వచ్చిన కావలి తల్లి ఆ మినహాయింపు కోసం ఆగితే ఆమెకు 77 ఏళ్లు వస్తాయి. అయిదేళ్లకే పౌరసత్వం కావాలనుకుంటే ఇంగ్లిష్‌లో ఒక వాక్యం చదవాలి, ఒక వాక్యం రాయాలి, అధికారి అడిగేది అర్థం చేసుకుని జవాబు చెప్పాలి. 2025 అక్టోబరు 20 నుంచి దరఖాస్తు చేసేవారికి పౌరశాస్త్ర ప్రశ్నల పట్టిక 128కి పెరిగింది, వాటిలో 20 వరకు అడుగుతారు, 12 సరిగా చెప్పాలి. అంతకుముందు 100లో 10 అడిగి 6 చెబితే సరిపోయేది. జబ్బు వల్ల నేర్చుకోలేనివారికి డాక్టరు ధ్రువీకరణతో వేరే మినహాయింపు ఉంది. కాబట్టి అమెరికాలో స్థిరపడే తల్లిదండ్రులకు పౌరసత్వ తరగతి ఉన్న గ్రంథాలయాన్నో, అడల్ట్ స్కూలునో మొదటి ఏడాదే వెతకాలి. అయిదేళ్లు నెమ్మదిగా నేర్చుకుంటే భయం ఉండదు, చివరి ఆరు నెలల్లో కంఠస్థం చేయబోతే రక్తపోటు పెరుగుతుంది.

కెనడాలో 55, ఆస్ట్రేలియాలో 60 నిండినవారికి పౌరసత్వ పరీక్ష లేదు. అక్కడ తల్లిదండ్రుల తరగతిని పరీక్ష కోసం కాక సాంగత్యం కోసం ఎంచుకోవచ్చు. నడిచి వెళ్లగలిగే దూరం, పగటి వేళ, మెట్లు లేని భవనం, ఈ మూడూ కుదిరిన చిన్న తరగతి దూరంగా ఉన్న పేరుమోసిన తరగతి కన్నా మంచిది. కొడుకు కారులో దింపితే తప్ప వెళ్లలేని తరగతి నెల తిరక్కుండానే ఆగిపోతుంది.

పెద్దల విషయంలో ‘ఇవ్వడం’ అన్న ప్రశ్న మరింత ముఖ్యం. ఊళ్లో బడి హెడ్‌మాస్టరుగానో, సొసైటీ ప్రెసిడెంటుగానో, పది ఎకరాల రైతుగానో బతికిన మనిషి అక్కడ చిన్న తరగతిలో తప్పులు దిద్దించుకుంటూ కూర్చున్నప్పుడు, బయటకు చెప్పకపోయినా లోపల నలిగిపోతారు. దీన్ని వందేళ్లకు ముందే గ్రహించిన చోటు ఒకటుంది. షికాగోలో 1889లో జేన్ ఆడమ్స్, ఎలెన్ గేట్స్ స్టార్ ప్రారంభించిన హల్ హౌస్ వలస కార్మికులకు సాయంకాలపు తరగతులు నడిపింది. ఇంగ్లిష్ నేర్చిన పిల్లలు రాట్నం తిప్పే తల్లులను చూసి సిగ్గుపడుతున్నారని గమనించి, 1900లో అక్కడే ఒక శ్రమ ప్రదర్శనశాల తెరిచారు. వలస వచ్చిన ఆడవాళ్లు అందులో నూలు వడికి, నేత నేసి చూపేవారు, పిల్లలు నిలబడి చూసేవారు. నేర్చుకోవడానికి వచ్చిన తల్లి ఆ గదిలో గురువయింది. ఇప్పటి తరగతులలోనూ అలాంటి వీలు ఉందా అని చూడాలి. సీనియర్ సెంటర్లలో (వయసు మళ్లినవారు కలిసే కేంద్రాలలో) తోట పని బృందాలు ఉంటాయి, వంగ, బెండ నారు గురించి మన రైతుకు తెలిసినంత అక్కడ చాలామందికి తెలియదు. సిలికానాంధ్ర మనబడి వంటి తెలుగు బడులకు పాఠం చెప్పగల పెద్దలు కావాలి. అరవై అయిదేళ్ల రిటైర్డ్ తెలుగు పండితుడికి శనివారం తెలుగు చెప్పే పని, మంగళవారం ఇంగ్లిష్ నేర్చుకునే పని రెండూ ఉంటే ఆ వారం నిండుగా గడుస్తుంది.

కువైట్‌కు వెళ్లేవారు ఏం చూసుకోవాలి

మన నెల్లూరు, ప్రకాశం ప్రాంతాల మెట్ట మండలాల నుంచి గల్ఫ్‌కు ఇంటిపనికి, డ్రైవరు పనికి వెళ్లేవారిని మరచి ఈ పోలిక రాయడం న్యాయం కాదు. వారికి అక్కడ పౌరసత్వానికి దారి లేదు, పైన చెప్పిన దేశాలలోలాంటి ప్రభుత్వ భాషా కార్యక్రమమూ లేదు. అక్కడ ఎంత కాలం పనిచేసినా తిరిగి రావలసిందే. కాబట్టి వారి చదువు లక్ష్యం వేరుగా ఉంటుంది: తన హక్కు తనకు తెలియడం, తన కాగితాలు తన దగ్గర ఉంచుకోవడం. కువైట్ 2015లో చేసిన 68వ నంబరు చట్టం ఇంటిపనివారికి రోజుకు గరిష్ఠంగా 12 గంటల పని, వారానికి ఒకరోజు సెలవు, ఏడాదికి వేతనంతో కూడిన సెలవు ఇచ్చింది, యజమాని పాస్‌పోర్టును తన దగ్గర పెట్టుకోకూడదని చెప్పింది. చట్టం ఉన్నంత మాత్రాన అన్ని ఇళ్లలో అమలవుతుందని కాదు. అయినా ఇంత మాత్రం తెలిసి వెళ్లిన ఆమెకు, తెలియక వెళ్లిన ఆమెకు మాట తీరులోనే తేడా ఉంటుంది.

పదో తరగతి పాస్ కానివారి పాస్‌పోర్టు సాధారణంగా ఇ.సి.ఆర్. (వలస తనిఖీ అవసరమైన వర్గం) కింద ఉంటుంది, గల్ఫ్ దేశాలకు ఉద్యోగం మీద వెళ్లడానికి వలస అనుమతి తీసుకోవాలి. అలాంటి పాస్‌పోర్టు మీద ఇంటిపనికి వెళ్లే ఆడవారికి 30 ఏళ్లు నిండాలి. దీన్ని తప్పించుకోవడానికి ఏజెంట్లు విజిట్ వీసా మీద పంపుతామంటారు. అది ఒప్పుకోకూడదు, అలా వెళ్లినవారికి అక్కడ కష్టం వస్తే రికార్డులో ఆధారమే ఉండదు. ఇంతకన్నా నమ్మకమైన దారి మన రాష్ట్రంలోనే ఉంది. సార్వత్రిక విద్యాపీఠం (ఓపెన్ స్కూల్) ద్వారా పదో తరగతి రాయడానికి పై వయసు పరిమితి లేదు, తెలుగు మాధ్యమంలోనే రాయవచ్చు, పాసైన సబ్జెక్టులను నిలుపుకుని మిగిలినవి తరువాతి పరీక్షలలో పూర్తిచేసుకోవచ్చు. ఉదయగిరి వైపు పల్లె నుంచి ముప్పై రెండేళ్ల ఆమె కువైట్‌కు వెళ్లాలనుకుంటే, అప్పు చేసి ఏజెంటుకు కట్టే ముందు ఈ పరీక్షకు ఒక ఏడాది పెట్టమని నేను చెబుతాను. ఆ సర్టిఫికెట్‌తో ఇంటిపని కాక వేరే పని కూడా చేతికందవచ్చు, తిరిగి వచ్చిన తరువాత ఇక్కడా పనికివస్తుంది. వలస అనుమతి మీద వెళ్లేవారికి ప్రభుత్వం ఒకరోజు శిక్షణ ఏర్పాటు చేస్తుంది. రోజంతా కూర్చోవడానికి బద్ధకించకుండా దానికి వెళ్లాలి.

తెలుగే చదవడం రాని తల్లులు పిల్లల వెంట ఏ దేశానికి వెళ్లబోతున్నా ముందు తెలుగు అక్షరాలు నేర్పాలి. చదవడం అనే పని ఒక భాషలో ఒకసారి పట్టుబడితే రెండో భాషకు అది సాయం వస్తుంది. చదవడం రాని మనిషిని నేరుగా ఇంగ్లిష్ తరగతిలో కూర్చోబెడితే ఆమె బోర్డు చూసి కళ్లు దించుకుంటుంది. జర్మనీలో అలాంటివారికి మామూలు కోర్సు కన్నా ఎంతో పొడవైన ప్రత్యేక అక్షరాస్యతా కోర్సు ఉండడానికి కారణమూ ఇదే. మనవరాలు పక్కన కూర్చుని ఇక్కడుండగానే నేర్పగలిగిన చదువు ఇది.

విమానం ఎక్కకముందు

జర్మన్ నేర్చుకోవాలంటే మన ప్రాంతానికి దగ్గర చోటు చెన్నై. అక్కడి మాక్స్ ముల్లర్ భవన్‌లో (జర్మన్ భాష నేర్పే గోథె ఇన్‌స్టిట్యూట్‌లో) పరీక్షలు రాయవచ్చు, ఒంగోలు వారైనా నెల్లూరు వారైనా పొద్దున పినాకిని రైలు ఎక్కి వెళ్లగలిగిన ఊరే. తరగతులకు రోజూ వెళ్లిరావడం ఒంగోలు నుంచి కుదరదు కాబట్టి ఆన్‌లైన్‌లో చదివి పరీక్షకు మాత్రం వెళ్లడం వీలైన పద్ధతి. ఇంగ్లిష్ విషయంలో నెల్లూరు, ఒంగోలు సెంటర్లు ఏళ్లుగా ఐ.ఇ.ఎల్.టి.ఎస్. మార్కుల కోసం తర్ఫీదు ఇస్తున్నాయి. ఆ మార్కులు వీసాకు కావలసినవారు అక్కడే చేరాలి. మార్కులు అక్కరలేని భార్యకు ఆ క్లాసు ఖర్చు దండగ, రోజూ అరగంట ఎవరితోనైనా ఇంగ్లిష్‌లో మాట్లాడే అలవాటు ఆమెకు ఎక్కువ పనిచేస్తుంది. ఇంట్లో కాలేజీకి వెళ్లే తమ్ముడో మరదలో ఉంటే వారితోనే మొదలుపెట్టవచ్చు.

చదువుకున్నవారు తమ కాగితాలను ఇక్కడుండగానే పూర్తిచేసుకోవాలి. చాలామంది ప్రొవిజనల్ సర్టిఫికెట్ ఒక్కటే పట్టుకుని వెళ్తారు, కాన్వొకేషన్ డిగ్రీ కోసం దరఖాస్తే చేసి ఉండరు. విదేశంలో డిగ్రీ విలువ కట్టే సంస్థలు ఒరిజినల్ డిగ్రీని, యూనివర్సిటీయే సీలు వేసి పంపే ట్రాన్‌స్క్రిప్టులను అడుగుతాయి. నెల్లూరులో విక్రమ సింహపురి యూనివర్సిటీ 2008లో వచ్చింది. అంతకుముందు చదివినవారి రికార్డులు చాలావరకు తిరుపతి శ్రీవేంకటేశ్వర యూనివర్సిటీలో ఉంటాయి, ప్రకాశం జిల్లా కాలేజీలలో పాత బ్యాచ్‌లవారివి నాగార్జున యూనివర్సిటీలో ఉంటాయి. అక్కడికి స్వయంగా వెళ్లి ఫీజు కట్టి, రెండు మూడు సీలు కవర్లు అదనంగా తీసుకుని పెట్టెలో పెట్టుకోవాలి. పెళ్లికి ముందు, తరువాత ఇంటిపేరు మారినవారు పాస్‌పోర్టులో ఉన్న పేరు, డిగ్రీలో ఉన్న పేరు ఒకటో కాదో చూసుకుని, తేడా ఉంటే అఫిడవిట్, వివాహ ధ్రువపత్రం ఇక్కడే సిద్ధం చేసుకోవాలి. అక్కడి కాలేజీ అడ్మిషన్ కౌంటరు ముందు నిలబడిన రోజున ఈ పని వేల మైళ్ల దూరం నుంచి చేయించుకోవడం తండ్రినో అన్ననో పదిసార్లు తిరుపతికి తిప్పడమే అవుతుంది.